ఈబుక్‌లో పాత్రల మాట: సంభాషణలకు గుర్తులు, స్టైళ్లు

కథ చెప్పే గొంతుకు ఒక తెలుగు, పాత్రలకు మరో తెలుగు ఉండటం ఉత్తర తెలంగాణ కథా సాహిత్యంలో స్థిరపడిన పద్ధతి. పి.వి. నరసింహారావు ‘విజయ’ అనే కలం పేరుతో రాసిన ‘గొల్ల రామవ్వ’ కథ 1949లో కాకతీయ పత్రికలో అచ్చయింది. అందులో కథనం శిష్ట వ్యావహారికంలో నడుస్తుంది. రామవ్వ మాత్రం తన పల్లె మాటే మాట్లాడుతుంది. తర్వాతి తరంలో అల్లం రాజయ్య, సాహు, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, బి.ఎస్. రాములు వంటి రచయితలు మంథని, జగిత్యాల, సింగరేణి, ఆదిలాబాద్ ప్రాంతాల పలుకుబడిని సంభాషణల్లోకి విస్తారంగా తెచ్చారు. ఇలాంటి పుస్తకంలో కొటేషన్ గుర్తు రెండు రకాల తెలుగుకు మధ్య సరిహద్దు. గుర్తు తెరుచుకున్న చోట పల్లె మాట మొదలవుతుంది, మూసుకున్న చోట కథకుడి మాట అందుకుంటుంది.

పుస్తకాన్ని ఈబుక్‌గా మార్చేటప్పుడు మొదట దెబ్బతినేది ఈ సరిహద్దే. తెరిచే గుర్తు మూసే గుర్తుగా మారుతుంది. రెండు మాటలు ఒకే పేరాలో కలిసిపోతాయి. ‘తప్పు దిద్దే’ సాఫ్ట్‌వేర్ ‘అచ్చిండు’ను ‘వచ్చాడు’ చేస్తుంది. వీటిని ముందే పసిగట్టి, వరుస క్రమంలో చక్కదిద్దే పద్ధతి ఈ అధ్యాయంలో ఉంది.

ఈబుక్ లోపల ఏముంటుంది

తెలుగులో ఈబుక్ పేరుతో దొరికేవాటిలో చాలా భాగం పీడీఎఫ్‌లే. పీడీఎఫ్ అచ్చు పేజీకి ఫొటో వంటిది. ఫోన్ తెర మీద అక్షరం పెద్దది చేస్తే పేజీ పక్కకు జారిపోతుంది, చదివేవారు వేలితో జరుపుకుంటూ పోవాలి. ఈపబ్ అలా ఉండదు. అది లోపల వెబ్‌పేజీల కట్ట. ప్రతి అధ్యాయం ఒక ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ ఫైలు, రూపురేఖలన్నీ సీఎస్ఎస్ అనే వేరే ఫైలు. తెర ఎంత వెడల్పుంటే వాక్యం అంతలో సర్దుకుంటుంది. అక్షరం సైజు, వెనుక రంగు, కొన్ని యాప్‌లలో ఫాంటు కూడా చదివేవారి చేతిలో ఉంటాయి.

ఈపబ్ ప్రమాణం రెండో వెర్షన్ 2007లో, మూడోది 2011లో వచ్చాయి. 2017 నుంచి దాని బాధ్యత వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ చేతికి వెళ్లింది. 2023 మేలో ఈపబ్ 3.3 ఆ సంస్థ అధికారిక సిఫారసుగా వెలువడింది. ఈ ప్రమాణం యూనికోడ్ మీద నడుస్తుంది. అందువల్ల సంభాషణలోని ప్రతి గుర్తుకూ యూనికోడ్‌లో ఉన్న సరైన సంఖ్య పడటం మొదటి అవసరం. ప్రతి పేరాకు అది ఏ రకం పేరానో చెప్పే స్టైల్ ఉండటం రెండో అవసరం. తర్వాతి పని అంతా ఈ రెండింటి మీదే ఆధారపడుతుంది.

మూల ప్రతి ఏ రూపంలో వచ్చింది

మూల ప్రతి సాధారణంగా మూడు దారుల్లో వస్తుంది. ఒక్కో దారిలో సంభాషణ గుర్తులకు ఒక్కో రకం నష్టం జరుగుతుంది.

మొదటిది డీటీపీ ఫైలు. తెలుగు నేల మీద చాలా ఏళ్లపాటు పుస్తకాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్ వంటి పట్టణాల డీటీపీ సెంటర్లలో పాత పుస్తకాల ఫైళ్లు ఇప్పటికీ ఆ రూపంలోనే కనిపిస్తాయి. ఇలాంటి ఫాంట్లు యూనికోడ్‌కు ముందటి పద్ధతివి. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలను, గుణింతాలను, ఒత్తులను కూర్చారు. ఒక స్థానంలో కొటేషన్ గుర్తు ఉండాల్సి ఉండగా తెలుగు ముక్క ఉండవచ్చు. ఆ గుర్తు ఇంకెక్కడో ఉండవచ్చు. మార్పిడి సాఫ్ట్‌వేర్ అక్షరాలను బాగానే పట్టుకున్నా గుర్తుల దగ్గర తడబడుతుంది. అచ్చు ప్రతిని పక్కన పెట్టుకుని ప్రతి అధ్యాయంలో మొదటి రెండు మూడు సంభాషణలను పోల్చి చూస్తే తప్పు ఏ తీరులో పడుతోందో బయటపడుతుంది. అదే తప్పు పుస్తకమంతా ఒకే తీరున ఉంటుంది కాబట్టి ఒక్క మార్పిడితో సరిచేయవచ్చు.

రెండోది స్కాన్ చేసిన పాత పుస్తకం. ఓసీఆర్ అక్షరాలను గుర్తిస్తుంది కానీ చిన్న గుర్తుల్లో పొరపడుతుంది. జంట కోట్ రెండు ఒంటి కోట్‌లుగానో, రెండు కామాలుగానో, ఒక్కోసారి 11 అంకెగానో వస్తుంది. మాసిన కాగితం మీద ఫుల్‌స్టాప్, కామా ఒకదాని స్థానంలో మరొకటి పడతాయి. ఇక్కడ తప్పులు ఒకే తీరున ఉండవు. మనిషి కూర్చుని వరుసగా చదవడం తప్ప దారి లేదు.

మూడోది రచయిత స్వయంగా ఫోన్‌లోనో, వర్డ్‌లోనో టైపు చేసిన ప్రతి. ఇది మొదటి నుంచీ యూనికోడ్‌లోనే ఉంటుంది. అయితే వర్డ్‌లో కొట్టిన అధ్యాయాల్లో వంపు తిరిగిన కోట్‌లు, ఫోన్‌లో కొట్టి వాట్సాప్‌లో పంపిన అధ్యాయాల్లో నిలువు కోట్‌లు కలగలిసి ఉంటాయి. దీనికి తోడు స్పెల్‌చెక్, ఆటోకరెక్ట్ తమకు తెలియని మాండలిక పదాలను తెలిసిన పదాలుగా మార్చేస్తాయి. అందుకే పని మొదలుపెట్టే ముందే ఈ రెండింటినీ ఆపేయాలి. ‘సుత’, ‘గిట్ల’, ‘కైకిలి’, ‘బాపు’ తప్పులు కావు, దిద్దాల్సిన అవసరం లేదు.

కొటేషన్ గుర్తులు: నిలువువి, వంపువి

కీబోర్డు మీద ఉండే నిలువు జంట కోట్ యూనికోడ్ సంఖ్య దశాంశ పద్ధతిలో 34, నిలువు ఒంటి కోట్ 39. వీటికి తెరవడం, మూయడం అన్న తేడా లేదు. పుస్తకానికి తగినవి వంపు గుర్తులు. జంట కోట్ తెరిచేది 8220, మూసేది 8221. ఒంటి కోట్ తెరిచేది 8216, మూసేది 8217. పాత్ర పైకి అన్న మాటకు జంట కోట్, ఆ మాట లోపల ఇంకొకరి మాట వస్తే ఒంటి కోట్ వాడటం తెలుగు అచ్చులో ఎక్కువగా కనిపించే పద్ధతి. దీన్నే పుస్తకమంతా పాటించాలి.

వర్డ్‌లో ఆటోఫార్మాట్ కింద స్మార్ట్ కోట్‌ల ఎంపికను ఆన్ చేసి, ఫైండ్, రీప్లేస్ రెండు పెట్టెల్లోనూ నిలువు జంట కోట్ ఇస్తే వర్డ్ చుట్టుపక్కల అక్షరాలను బట్టి అన్నింటినీ వంపు గుర్తులుగా మారుస్తుంది. ఒంటి కోట్‌కూ ఇదే పద్ధతి. ఈబుక్‌లను మార్చే సాఫ్ట్‌వేర్ కాలిబర్‌లో మార్పిడి సమయంలో ఇదే పని చేసే ఎంపిక ఉంది. అయితే ఏ సాఫ్ట్‌వేరైనా ఇంగ్లిష్ వాక్యాల నడకను బట్టి ఊహిస్తుంది. తెలుగు సంభాషణలో ఆ ఊహ మూడు చోట్ల తప్పే అవకాశం ఎక్కువ.

ఒకటి, అంకె ముందు వచ్చే ఒంటి గుర్తు. పెద్దవయసు పాత్ర 1969 తెలంగాణ ఉద్యమాన్ని తలుచుకుంటూ “’69ల మేం సుత రోడ్డెక్కినం” అంటుంది. ఇక్కడ 69 ముందున్నది లోపించిన అంకెలకు గుర్తు, అది 8217 కావాలి. సాఫ్ట్‌వేర్ దాన్ని మాట మొదలు అనుకుని 8216 పెడుతుంది. అప్పుడు తెరిచిన ఒంటి కోట్‌కు మూసేది లేకుండా పోతుంది.

రెండు, కోట్ మూసిన వెంటనే ఖాళీ లేకుండా సాగే మాట. తెలుగులో సంధి కొటేషన్ గుర్తును దాటి పోతుంది. “రేపొస్త”నన్నడు, “పోయిర”మ్మన్నది వంటివి రచయితలు సహజంగా రాస్తారు. ‘గుర్తు తర్వాత అక్షరం ఉంటే అది తెరిచే గుర్తు’ అన్న నియమంతో మూకుమ్మడిగా మార్చితే ఇవన్నీ తలకిందులవుతాయి. అందుకే ఖాళీ ముందుండి అక్షరం తర్వాత ఉంటేనే తెరిచే గుర్తు, మిగిలినవన్నీ మూసేవి అన్న నియమం తెలుగుకు మేలు. పేరా మొదట్లోని గుర్తును తెరిచేదిగా లెక్కించాలి.

మూడు, సున్నా గానీ గుణింతం గానీ కోట్ బయట పడటం. చేతిరాతలో “వద్ద”ంటే అని రాసినా ఇబ్బంది లేదు. యూనికోడ్‌లో సున్నాకు ఆధారంగా ముందొక అక్షరం ఉండాలి. కోట్ తర్వాత సున్నా వస్తే చాలా తెరల మీద దాని పక్కన చుక్కల వలయం కనిపిస్తుంది. “వద్దు” అంటే అని విడదీసి రాస్తే సరిపోతుంది. రచయిత ఒప్పుకోకపోతే “వద్దం”టే అని సున్నాను లోపలికి తేవచ్చు.

ఒంటి కోట్, జంట కోట్ పక్కపక్కన మూసుకునే చోట రెండూ అతుక్కుని మూడు గీతల్లా కనిపిస్తాయి. వాటి మధ్య 160 సంఖ్య గల, వరుస విరగని ఖాళీ పెడితే స్పష్టత వస్తుంది. మామూలు ఖాళీ పెడితే జంట కోట్ ఒంటరిగా కింది వరుసలోకి జారే ప్రమాదం ఉంది.

‘అని’, ‘అన్నడు’ ముందు ఏ గుర్తు

తెలుగు వాక్యంలో మాట ముందు వచ్చి, అన్నవారి ప్రస్తావన తర్వాత వస్తుంది. మాట పూర్తయినా వాక్యం పూర్తి కాదు. ‘అని’, ‘అన్నాడు’, ‘అడిగింది’ వచ్చాకే వాక్యం ముగుస్తుంది. దీన్ని బట్టి నాలుగు నియమాలు చాలు.

మాట తర్వాత ‘అని’ గానీ ‘అన్నాడు’ గానీ ఉంటే కోట్ లోపల ఫుల్‌స్టాప్ అక్కర్లేదు. “రేపు సంతకు పోతన్న” అన్నడు మల్లయ్య. కొందరు రచయితలు కోట్ మూసేముందు కామా పెడతారు. అది రచయిత అలవాటైతే ఉంచవచ్చు, కానీ ఒక పేజీలో పెట్టి మరో పేజీలో వదిలేయకూడదు.

ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం పాత్ర గొంతులో భాగం, కాబట్టి ఎప్పుడూ కోట్ లోపలే ఉంటాయి. “ఎప్పుడచ్చినవ్?” అని అడిగింది. ప్రశ్న కథకుడిదైతే గుర్తు బయట పడుతుంది.

పేరాలో మాట ఒక్కటే ఉండి అన్నవారి ప్రస్తావన లేకపోతే ఫుల్‌స్టాప్ కోట్ లోపల పెట్టి మూయాలి.

ఒకే పాత్ర మాట రెండు మూడు పేరాలు సాగితే ప్రతి పేరా మొదట్లో తెరిచే గుర్తు, చివరి పేరా చివర మాత్రమే మూసే గుర్తు ఉండాలి. ఇలాంటి చోట సాఫ్ట్‌వేర్ జంట కుదరలేదని హెచ్చరించినా పట్టించుకోనక్కర్లేదు.

తటపటాయింపును చూపడానికి రచయితలు ఐదారు చుక్కలు పెడుతుంటారు. ఈబుక్‌లో అవి వరుస చివర విరిగి సగం చుక్కలు కిందికి దిగుతాయి. మూడు చుక్కలు ఒకే అక్షరంగా ఉండే 8230 సంఖ్య గుర్తును మాటకు అంటించి పెడితే ఈ బెడద తగ్గుతుంది. వెనువెంటనే వచ్చే రెండు మూడు ప్రశ్నార్థకాలను రచయితను అడిగి ఒకటికి తగ్గించాలి.

కొందరు రచయితలు కొటేషన్లు వాడరు. మాట ముందు అడ్డగీత పెడతారు. వర్డ్‌లో చిన్న గీత, ఖాళీ కొట్టి రాసిన పేరా దానంతటదే బుల్లెట్ జాబితాగా మారిపోతుంది. ఈపబ్‌లో ఆ సంభాషణంతా సరుకుల చీటీలా చుక్కలతో కనిపిస్తుంది. ఆటోఫార్మాట్‌లో జాబితా ఎంపికను ఆపి, 8212 సంఖ్య గల పొడవు గీత వాడాలి.

కంటికి కనిపించని గుర్తు

తెలంగాణ సంభాషణలో పొల్లుతో ముగిసే క్రియలు చాలా ఎక్కువ. పోతున్నవ్, అచ్చినవ్, తిన్నవ్ వంటి మాటలకు వెనుక ‘రా’, ‘లే’ చేరుతుంటాయి. ఊరి పేర్ల వెనుక ‘ల’ చేరుతుంది. యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే అది ఒత్తుగా కిందికి దిగుతుంది. దిగకుండా ఆపేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం. దశాంశ పద్ధతిలో దాని సంఖ్య 8204.

ఈ అక్షరం ఉంటే “ఏడికి పోతున్నవ్‌రా” అని సరిగ్గా కనిపిస్తుంది. పోతే “ఏడికి పోతున్నవ్రా” అవుతుంది. “కరీంనగర్‌ల ఉంటడు” కాస్తా “కరీంనగర్ల ఉంటడు” అవుతుంది. చదివేవారు ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదువుకోవాల్సి వస్తుంది. పాత్ర గొంతు అక్కడ తెగిపోతుంది.

ఫైలును ‘శుభ్రం’ చేసే చాలా పద్ధతులు కనిపించని అక్షరాలన్నింటినీ చెత్తగా భావించి తీసేస్తాయి. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి కాపీ చేసేటప్పుడూ ఇది జారిపోవచ్చు. శుభ్రం చేసే ముందు, తర్వాత ఈ అక్షరం ఎన్నిసార్లు ఉందో లెక్క చూసుకుంటే నష్టం వెంటనే తెలుస్తుంది. వర్డ్‌లో దీన్ని పెట్టడానికి ఇన్‌సర్ట్ సింబల్ పెట్టెలోని ప్రత్యేక అక్షరాల జాబితా వాడవచ్చు.

అలాగని పొల్లు వచ్చిన ప్రతి చోటా దీన్ని పెట్టకూడదు. ‘పోయిన్రు’, ‘తెచ్చిన్రు’ వంటి మాటల్లో రచయిత కావాలనే ఒత్తు రాస్తాడు, పలికేదీ అలాగే. ఎక్కడ విడిపోవాలో, ఎక్కడ కలవాలో మూల ప్రతి చెబుతుంది. అచ్చు ప్రతి దొరికితే దాన్ని చూసే నిర్ణయించాలి.

పేరాలకు స్టైళ్లు

డీటీపీ ప్రతుల్లో పేరా ముందు ఖాళీని ట్యాబ్‌తోనో, ఐదారు ఖాళీలతోనో పెడతారు. వరుస చివర ఎంటర్ కొట్టి ఉంటుంది. దృశ్యం మారిన చోట ఖాళీ పేరాలు నాలుగైదు ఉంటాయి. ఇవి అచ్చు పేజీకి సరిపోతాయి కానీ, తెర వెడల్పు మారగానే చెదిరిపోతాయి. ముందు వీటన్నింటినీ తీసేసి, తర్వాత స్టైళ్లు వేయాలి.

సంభాషణలున్న నవలకు ఐదారు పేరా స్టైళ్లు సరిపోతాయి: కథనం, సంభాషణ, అధ్యాయం మొదటి పేరా, దృశ్య విరామం, పాట, ఉత్తరం. కథనానికి, సంభాషణకు ఒకే రూపం ఇచ్చినా స్టైల్ పేరు వేరుగా ఉంచడం మంచిది. రేపు సంభాషణల మధ్య ఎడం పెంచాలంటే సీఎస్ఎస్‌లో ఒక్క వరుస మార్చితే పుస్తకమంతా మారుతుంది.

మాట్లాడే మనిషి మారినప్పుడల్లా పేరా మారాలి. పాత అచ్చులో కాగితం పొదుపు కోసం రెండు మూడు మాటలను ఒకే పేరాలో ఇరికించి ఉంటే రచయిత అనుమతితో విడదీయవచ్చు. సంభాషణ పేరాకు మొదటి వరుసలో ఒకటి నుంచి ఒకటిన్నర ఎమ్ (అక్షరం సైజుతో సమానమైన కొలత) లోపలి జరుపు ఇస్తే చాలు. పేరాకు పేరాకు మధ్య ఖాళీ వరుస వద్దు. చిన్న చిన్న మాటల మధ్య ఖాళీలుంటే ఫోన్ తెర మీద నాలుగు మాటలకే పేజీ అయిపోతుంది.

కింది సంభాషణ ఉదాహరణగా తయారు చేసింది. మార్పిడి కాగానే, చక్కదిద్దకముందు ఇలా ఉంది:

"ఎటువోతున్నవ్రా రాజిగా పొద్దుగూకినంక?" ''కైకిలి పైసలు తెస్తనే అవ్వా.....పటేలు రమ్మన్నడు" అన్నడు. ,,మొన్న 'రేపురా' అన్నడంటివి గదరా"

గుర్తులు, పేరాలు సరిచేశాక ఇలా ఉంటుంది:

“ఎటువోతున్నవ్‌రా రాజిగా, పొద్దుగూకినంక?”

“కైకిలి పైసలు తెస్తనే అవ్వా… పటేలు రమ్మన్నడు” అన్నడు.

“మొన్న ‘రేపు రా’ అన్నడంటివి గదరా.”

ఒక్క మాండలిక పదం కూడా మారలేదు. మారినవి గుర్తులు, ఖాళీలు, పేరాలు, కనిపించని ఒక అక్షరం మాత్రమే.

మనసులో అనుకున్న మాటకు ఇంగ్లిష్ పుస్తకాల్లో వాలు అక్షరాలు వాడతారు. తెలుగు ఫాంట్లలో చాలావాటికి వాలు రూపం లేదు. సాఫ్ట్‌వేర్ మామూలు అక్షరాన్నే పక్కకు వంచుతుంది. తలకట్టు, గుడి, ఒత్తులు ఒకదానిమీద ఒకటి ఒరిగి చదవడం కష్టమవుతుంది. తెలుగులో మనసు మాటకు ఒంటి కోట్ గానీ, గుర్తు లేకుండా ‘అనుకున్నడు’ గానీ సరిపోతాయి. నొక్కి చెప్పే మాటకూ కృత్రిమంగా లావు చేసిన అక్షరం వద్దు. నిజమైన బోల్డ్ రూపం ఉన్న ఫాంటు ఉంటేనే వాడాలి.

ఒత్తులు కిందికి, గుణింతాలు పైకి సాగుతాయి కాబట్టి వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. తెలుగు మాటలు సంధులతో పొడుగ్గా ఉండటం వల్ల రెండు అంచులూ సమానం చేస్తే చిన్న తెర మీద మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. సంభాషణలకు ఎడమ అంచు మాత్రమే సరిచేయడం మంచిది. అధ్యాయం మొదటి అక్షరాన్ని పెద్దది చేసే అలంకారం మాటతో మొదలయ్యే అధ్యాయానికి నప్పదు. కొటేషన్ గుర్తు కూడా అక్షరంతో పాటు పెద్దదవుతుంది, ఒత్తున్న అక్షరమైతే చీలిపోయే ప్రమాదమూ ఉంది.

పాత్ర బతుకమ్మ పాటో, ఒగ్గు కథలోని చరణమో పాడితే దానికి పాట స్టైల్ వేయాలి. ప్రతి చరణాన్ని వేరే పేరాగా పెట్టి, చరణంలోని వరుసలను పేరా లోపలి వరుస విరుపుతో వేరు చేయాలి. వరుస పొడుగైతే తర్వాతి భాగం కాస్త లోపలికి జరిగి పడేలా సీఎస్ఎస్‌లో చెప్పాలి. పల్లవి, వంత వేరుగా తెలియడానికి వంతకు ఇంకొంచెం జరుపు ఇవ్వవచ్చు. నాటకమైతే పాత్ర పేరుకు ఒక అక్షర స్టైల్ చాలు. పేర్లు ఒక గడిలో, మాటలు ఇంకో గడిలో పట్టికలా పేర్చితే ఫోన్‌లో అది నలిగిపోతుంది.

ఫాంటును పుస్తకంలోనే పొదగాలంటే దాని లైసెన్సు చూసుకోవాలి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, మల్లన్న, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతాయి. వాటిని ఈపబ్‌లో పెట్టుకోవచ్చు.

సంభాషణలో ఇతర భాషలు

హైదరాబాద్ రాజ్యంలో 1948 వరకు పాలనా భాష ఉర్దూ. ఆ కాలపు కథల్లో అమీను, జవాను, తహసీల్దారు ఉర్దూలోనే దబాయిస్తారు. ఆదిలాబాద్ కథల్లో గోండి, మరాఠీ మాటలు వస్తాయి. జోడేఘాట్‌లో 1940లో ప్రాణాలు వదిలిన కొమురం భీము మీద సాహు, అల్లం రాజయ్య కలిసి నవల రాశారు. ఆదివాసీ జీవితం మీద వచ్చే ఇలాంటి రచనల్లో భాషల కలగలుపు సహజం.

ఉర్దూ, గోండి మాటలను రచయితలు ఎక్కువగా తెలుగు లిపిలోనే రాస్తారు. వాటికి వేరే ఫాంటో, వాలు రూపమో ఇచ్చి పరాయివిగా చూపాల్సిన పనిలేదు. చేయాల్సింది ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌లో ఆ మాట ఏ భాషదో, ఏ లిపిలో ఉందో చెప్పే భాషా గుర్తు పెట్టడం. పుస్తకం మొత్తానికి తెలుగు అని, ఆ వాక్యానికి మాత్రం ఉర్దూ అని చెప్పాలి. అది కంటికి కనిపించదు. కానీ చూపులేని పాఠకుల కోసం గట్టిగా చదివే సాఫ్ట్‌వేర్‌కు, వెతికే సాఫ్ట్‌వేర్‌కు ఉపయోగపడుతుంది.

గోండి మాటను గోండి లిపిలోనే ఇవ్వాలనుకుంటే ఇప్పుడు ఆ దారి కూడా ఉంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని లిపికి 2018లో యూనికోడ్ 11లో చోటు దక్కింది. చదివేవారి ఫోన్‌లో ఆ లిపి ఫాంటు ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి దాన్ని తప్పకుండా పుస్తకంలో పొదగాలి. పక్కనే తెలుగు లిపిలోనూ ఆ మాట ఇస్తే ఎవరికీ అడ్డంకి ఉండదు.

అర్థాలు ఎక్కడ ఇవ్వాలి

‘కైకిలి’ అంటే కూలి పని, ‘సుత’ అంటే కూడా, ‘బాపు’ అంటే తండ్రి అని అందరు పాఠకులకూ తెలియకపోవచ్చు. ఆ అర్థాన్ని బ్రాకెట్లో పెట్టి కోట్ లోపల రాయడం పెద్ద పొరపాటు. అలా రాస్తే పాత్రే బ్రాకెట్లతో మాట్లాడినట్టవుతుంది. ఈపబ్ మూడో వెర్షన్‌లో పాద సూచికను తాకితే చిన్న పెట్టెలో అర్థం తెరుచుకునే సౌకర్యం ఉంది. సూచిక అంకెను కోట్ మూసిన తర్వాత పెట్టాలి. ఒకే మాట పదేపదే వస్తే మొదటిసారి మాత్రమే సూచిక ఇచ్చి, పుస్తకం చివర అకారాది పదకోశం చేరిస్తే చదువు ఆగదు.

పని జరగాల్సిన వరుస

1. మూల ప్రతిని మార్చకుండా ఒక నకలు దాచాలి. స్పెల్‌చెక్, ఆటోకరెక్ట్, ఆటో జాబితా ఆపాలి.

2. యూనికోడ్‌లోకి మార్చి, అచ్చు ప్రతితో కొన్ని సంభాషణలు పోల్చి, ఒకే తీరు తప్పులను మూకుమ్మడిగా సరిచేయాలి.

3. కనిపించని 8204 అక్షరాల లెక్క తీసుకుని, ఆ తర్వాతే ఖాళీలు, ట్యాబ్‌లు, వరుస చివరి ఎంటర్లు తీసేయాలి. పని అయ్యాక లెక్క మళ్లీ చూడాలి.

4. కొటేషన్లను వంపు గుర్తులుగా మార్చి, అంకె ముందు గుర్తులు, సంధి దాటిన గుర్తులు, బయట పడిన సున్నాలు వెతకాలి. పేరాలో తెరిచేవి, మూసేవి సమానం కాకపోతే ఆ పేరాను చదవాలి.

5. స్టైళ్లు వేసి ఈపబ్ తీయాలి. లిబ్రెఆఫీస్‌లో 2018 నాటి 6.0 వెర్షన్ నుంచి నేరుగా ఈపబ్ తీసే సౌకర్యం ఉంది. వర్డ్‌లో అది లేదు, కాబట్టి డాక్‌ఎక్స్ ఫైలును కాలిబర్‌కు ఇవ్వాలి.

6. ఈపబ్‌ను సవరించే సాఫ్ట్‌వేర్ సిజిల్‌లోనో, కాలిబర్ ఎడిటర్‌లోనో తెరిచి లోపలి ఫైళ్లను, సీఎస్ఎస్‌ను సరిచేయాలి. ఈపబ్‌చెక్‌తో ప్రమాణానికి తగ్గట్టు ఉందో లేదో పరీక్షించాలి.

7. కనీసం రెండు ఫోన్లలో, ఒక కంప్యూటర్‌లో, అక్షరాన్ని బాగా పెద్దది చేసి ఒకసారి, చిన్నది చేసి ఒకసారి చూడాలి.

8. చివరగా సంభాషణలను ఆ ప్రాంతం మాట తెలిసిన మనిషి చేత పైకి చదివించాలి. ఈపబ్‌చెక్ కోడ్‌లోని తప్పును పడుతుంది కానీ పాత్ర మాట ఆ పాత్రలా లేదని చెప్పలేదు. జగిత్యాల మాటను జగిత్యాల చెవి ఒక్క వరుసలోనే పట్టేస్తుంది.

ఈ పనిలో రచయిత అనుమతి ఉన్నవి, లేనివి ముందే రాసుకోవడం అవసరం. గుర్తులు, ఖాళీలు, పేరాలు, స్టైళ్లు సరిచేయడం మార్పిడి చేసేవారి బాధ్యత. పాత్ర పలికిన మాటను ప్రామాణిక భాషకు దగ్గర చేయడం ఎవరి బాధ్యతా కాదు. రచయిత లేని పుస్తకమైతే అచ్చు ప్రతే ప్రమాణం. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల మాట అచ్చులోకి రావడానికి రచయితలు ఎన్నో ఏళ్లు శ్రమపడ్డారు. ఆ పుస్తకాలను ఈబుక్‌లుగా మార్చేవారు ఒక్కో గుర్తునూ చూసి, ఒక్కో సంభాషణనూ పైకి చదివి, అప్పుడే పాఠకుల చేతికి ఇవ్వాలి.